ఉప్పుగాలిలో వీ8: చెన్నైలో పాత మజిల్ కారా, కొత్త పర్ఫార్మెన్స్ కారా?

1965 నాటి మస్టాంగ్ ఒకటి, చెంగల్పట్టు దగ్గరి ఫ్యాక్టరీలో తయారైన బీఎండబ్ల్యూ ఎం340ఐ ఒకటి. రెండింటిలో దేనికి డబ్బు పెట్టాలన్న మాట వస్తే చెన్నైలో చర్చ ఎప్పుడూ హార్స్‌పవర్ దగ్గరే మొదలవుతుంది. అక్కడ మొదలుపెట్టడమే పొరపాటు. ఈ ఊళ్లో ఆ సంగతి తేల్చేవి వేరే ఉన్నాయి. ఆర్సీలో ఏం రాసి ఉంది, బండిలో రేకు ఎంత మిగిలింది, బంకులో ఏ పెట్రోలు పోస్తున్నారు, పాడైతే చేయిపెట్టగల మనిషి ఎంత దూరంలో ఉన్నాడు. పాత బండి కొనేటప్పుడు ఇంజను కన్నా రేకు ముఖ్యం. కొత్తది కొనేటప్పుడు ఇంజను కన్నా దాని సర్వీసు చరిత్ర ముఖ్యం. ఈ రెండూ తారుమారైనప్పుడే డబ్బు పోతుంది.

ముందు నంబరు ప్లేటు సంగతి

మజిల్ కారు అంటే స్థూలంగా 1964లో పోంటియాక్ జీటీవోతో ఊపందుకుని 1972 నాటికి చల్లారిపోయిన అమెరికన్ కార్ల తరం. మధ్యరకం బాడీ, అందులో పెద్ద వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజను), ఉద్యోగస్థుడు కొనగలిగే ధర. మస్టాంగ్, కమారోలను అమెరికాలో పోనీ కార్లని విడిగా లెక్కిస్తారు. ఇక్కడ ఆ తేడా ఎవరూ పట్టించుకోరు కాబట్టి వాటినీ కలుపుకొనే చూద్దాం.

ఇవన్నీ ఇప్పుడు 50 ఏళ్లు దాటినవే. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనం వింటేజ్ కిందికి వస్తుంది. కొత్తగా అలా రిజిస్టర్ చేయిస్తే టీఎన్ తర్వాత వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఫీజు రూ.20,000. పదేళ్లు చెల్లుతుంది. పునరుద్ధరణకు రూ.5,000.

డబ్బు పెద్ద విషయం కాదు, షరతే పెద్దది. వీఏ నంబరు బండిని ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజూ ఆఫీసుకు కుదరదు. నెల్లూరులో మేనకోడలి పెళ్లికి వేసుకెళ్లడమూ కుదరదు. కోడంబాక్కం షూటింగులకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామన్న ఆలోచన అసలే చెల్లదు, ఎందుకంటే వ్యాపార వాడకం నిషిద్ధం. దశాబ్దాల కిందటే ఇక్కడ మామూలుగా రిజిస్టరై, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తప్పకుండా పునరుద్ధరించుకుంటూ వచ్చిన బండి పరిస్థితి వేరు. పాత మద్రాసు నంబరుతో, కాగితాలన్నీ వరసగా ఉన్న కారుకు అదే స్థితిలో ఉన్న ఇతర కార్ల కన్నా ఎక్కువ ఇవ్వడం న్యాయమే. ఆ అదనపు ధర రోడ్డు మీద తిరిగే స్వేచ్ఛకు.

స్టీరింగు ఎడమవైపు ఉండటం ఇంకో చిక్కు. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం, పనిచేసే సిగ్నల్ పరికరం ఉంటే ఎడమ స్టీరింగు బండి నడపొచ్చు. చట్టం ఒప్పుకుంటుంది గానీ సన్నటి రోడ్డులో బస్సు వెనక చిక్కినప్పుడు ఎదురుగా ఏమొస్తోందో డ్రైవరుకు కనపడదు. పక్క సీటు మనిషి చెప్పాలి. కుడి స్టీరింగుతో కర్మాగారం నుంచే వచ్చిన మజిల్ కార్లు కావాలంటే ఆస్ట్రేలియా వైపు చూడాలి. ఫోర్డ్ ఫాల్కన్ జీటీ, హోల్డెన్ మొనారో, క్రైస్లర్ వాలియంట్ చార్జర్ అక్కడివి. ఫాల్కన్‌లోని 351 ఘనపు అంగుళాల క్లీవ్‌లాండ్ ఇంజను అమెరికా ఫోర్డ్‌లలోనిదే కాబట్టి ఇంజను సామాను దొరుకుతుంది. బాడీ సామాను మాత్రం ఆస్ట్రేలియా నుంచే రావాలి.

దిగుమతి విషయంలో 2025లో తలుపు కొంచెం తెరుచుకుంది. 50 ఏళ్లు దాటిన కారును ప్రత్యేక లైసెన్సు లేకుండా తెప్పించుకోవచ్చు. సుంకాలన్నీ కలిపితే కారు విలువను మించిపోతాయి. కాబట్టి అమెరికా వెబ్‌సైట్లలో కనిపించే ధరను రూపాయల్లోకి మార్చుకుని సంబరపడటం వృథా. కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ లేని దిగుమతి కారును ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకూడదు. ఆ కాగితం లేకుండా ఆర్టీవో ఆఫీసులో పని ముందుకు సాగదు.

పాత బాడీలో కొత్త ఇంజను బిగించే ముచ్చట అమెరికాలో మామూలే. ఇక్కడ అలా చేస్తే వింటేజ్ నిర్వచనం నుంచి బండి బయటపడుతుంది. పైగా తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాతది కావాలంటే పాతదిగానే ఉంచుకోవాలి.

ఆ అంకెలు ఒకే కొలత కాదు

1970 షెవర్లే షెవెల్‌లో 454 ఘనపు అంగుళాల ఎల్ఎస్6 ఇంజను, అంటే 7.4 లీటర్లది, 450 హార్స్‌పవర్ అని కంపెనీ ప్రకటించింది. మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్‌లోని 2 లీటర్ల ఇంజను 421. చూడగానే పాతదే గొప్పగా కనిపిస్తుంది. 1971 దాకా అమెరికా కంపెనీలు చెప్పింది గ్రాస్ లెక్క. ఇంజనును ఒంటరిగా స్టాండు మీద నిలబెట్టి, ఎయిర్ క్లీనరు, సైలెన్సరు, ఆల్టర్నేటరు లాంటివి తీసేసి కొలిచేవారు. 1972 నుంచి అవన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్క వచ్చింది. 454 ఇంజన్లలోనే మరో రకం ఎల్ఎస్5ను 1971లో 365 అన్నారు, 1972లో 270 అన్నారు. ఒక్క ఏడాదిలో ఇంజను అంత నీరసపడలేదు, కొలబద్ద మారింది.

ఎం340ఐ ఇక్కడ 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు, 100 కిలోమీటర్ల వేగం 4.4 సెకన్లలో అంటోంది. ఆ పని 1960ల వీధి కార్లకు సాధారణంగా అందనిది. వేగమే కావాలంటే చర్చ ఇక్కడే ముగిసింది, కొత్తదే కొనాలి. పాత వీ8 ఇచ్చేది వేరు. ఐడిల్ నుంచే వచ్చే లాగుడు, కార్బొరేటరు రెండో జత గొంతులు (గాలి వెళ్లే దారులు) తెరుచుకున్నప్పటి మోత, చేతికి తెలిసే ప్రతి యంత్రభాగం. అది కావాలనుకునేవాళ్లకు సెకన్ల లెక్క అక్కర్లేదు. వాళ్లకు కావలసింది తుప్పు లెక్క.

రేకు

సముద్రం పక్క బీసెంట్ నగర్‌లోనో తిరువాన్మియూరులోనో ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను ఉప్పుగాలి ఎంత త్వరగా తినేస్తుందో అక్కడ కాపురమున్నవాళ్లకు తెలుసు. అదే గాలి, 1960ల రేకు మీద. ఆ రోజుల్లో బాడీకి ఇప్పటిలా జింకు పూత, బోలు భాగాల్లో మైనం లేవు. కాబట్టి మెరుపు చూసి కాక, కింద దూరి చూసి కొనాలి.

మస్టాంగ్‌లో మొట్టమొదట చూడాల్సింది అద్దం కింద ఉండే కౌల్, అంటే బయటిగాలి లోపలికి వచ్చే పెట్టె. దానికి పైరేకు స్పాట్ వెల్డులతో మూసేసి ఉంటుంది. లోపల తుప్పు పట్టినా పైకి కనపడదు. ముందరి కార్పెట్టు ఎత్తి, ఒకరు బయట నుంచి కౌల్ జాలీల్లోకి రెండు మగ్గుల నీళ్లు మెల్లగా పోయాలి, ఇంకొకరు టార్చితో డ్యాష్‌బోర్డు కింద చూడాలి. నీళ్లు రెండు పక్కలా చక్రాల వెనక నుంచి నేల మీదికి పోతే బాగున్నట్టు. కాళ్ల దగ్గర చుక్క పడినా సరే, పదుల కొద్దీ స్పాట్ వెల్డులు తొలిచి పైరేకు లేపి, లోపల కొత్త రేకు వేసే పని మెడకు పడ్డట్టే. చాలామంది అక్కడ సీలెంటు పూసి అమ్మేస్తారు. ఆ పూత ఒక్క ఈశాన్య రుతుపవనానికి కూడా నిలవదు.

తర్వాత టార్క్ బాక్సులు (ఫ్రేమ్ రైళ్లను తలుపుల కింది దూలాలకు కలిపే పెట్టెలు), వెనక ఫ్రేమ్ రైళ్లు (అడుగున పొడవునా ఉండే దూలాలు), ముందు షాక్ టవర్ల పగుళ్లు. కమారోలో అద్దాల కింది అంచు, డిక్కీ నేల. ప్లిమత్, డాడ్జ్‌లలో టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు) పట్టుకునే క్రాస్‌మెంబరును తుప్పు తింటే ముందు చక్రాల బరువు మోసేదే లేకుండా పోతుంది. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతంతో తలుపుల అడుగు, చక్రాల తోరణాలు తడమాలి. పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టు. తలుపు సగం తెరిచి అంచు పట్టుకుని పైకెత్తితే కదలాల్సింది కొద్దిగానే. బాగా ఊగితే హింజి పిన్నులు అరిగాయి, అది చిన్న ఖర్చు. పిల్లరు దగ్గరే రేకు కదిలితే చిన్నది కాదు.

ఇంజను పనికి ఈ ఊరు వరం. గిండీ, అంబత్తూరు పారిశ్రామిక వాడల్లో బోరింగు, క్రాంకు గ్రైండింగు, వాల్వు సీట్లు వేయడం చక్కగా చేస్తారు. 289 ఘనపు అంగుళాల ఫోర్డ్ బ్లాకును 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దాకా నిశ్చింతగా రీబోర్ చేయొచ్చు. గోడలు పలచన కాబట్టి అంతకు మించి వెళితే వేడి సమస్యలు మొదలవుతాయి. పిస్టన్లు, గాస్కెట్లు పెట్టెలో వస్తాయి. ఫ్లోర్ ప్యాన్, క్వార్టర్ ప్యానెల్ మాత్రం ఓడలో రావాలి. సరుకు ధర కన్నా రవాణా, సుంకాలే ఎక్కువ కావచ్చు. పాత సామాన్ల బజారు పుదుప్పేటలో బేరింగు, బెల్టు, బల్బు, హోసు దొరుకుతాయి. మస్టాంగ్ క్వార్టర్ ప్యానెల్ దొరకదు. పాడైన ఇంజను, గట్టి రేకు ఉన్న కారు మంచి బేరం అని, కమ్మగా తిరిగే ఇంజను, పుట్టీ బాడీ ఉన్న కారు చెడ్డ బేరం అని అందుకే చెప్పేది.

రేకు మార్చేటప్పుడు జరిగే ఘోరమైన తప్పు ఒకటుంది. మస్టాంగ్ లాంటివి విడిగా ఛాసిస్ లేని బాడీలు. షెడ్డులో ముందూ వెనకా జాకీలు పెట్టి రెండు పక్కల నేలరేకులు ఒకేసారి కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. కొత్త రేకు వెల్డు చేశాక తలుపులు మూసుకోవు, ఇక అవి ఎప్పటికీ మూసుకోవు. బరువును సస్పెన్షన్ బిగించే చోట్ల మోయించాలి. తలుపు చోటుకు అడ్డంగా ఇనప గొట్టం ట్యాక్ వెల్డు చేయాలి. ఒక పక్క పూర్తిచేసి, తలుపు మూసి సందు కొలిచాకే రెండో పక్క ముట్టుకోవాలి. కన్వర్టిబుల్ అయితే ఈ జాగ్రత్త రెండింతలు, ఎందుకంటే పైకప్పు ఆసరా కూడా లేదు.

కొన్నాక ప్లాస్టిక్ కవరు కప్పొద్దు. చెన్నై తేమ లోపలే చిక్కుకుని రాత్రంతా రేకును నానబెడుతుంది. గాలాడే గుడ్డ కవరు చాలు. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలు పెయింటుతో మూసుకుపోయి ఉంటాయి, తెరవాలి.

పెట్రోలు, రోహిణి కార్తె

బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత కార్బొరేటరుకు దాని వల్ల ఒక లాభం, మూడు నష్టాలు. లాభం ఆక్టేన్. మునుపటి 91 నుంచి 95 ప్రాంతానికి పెరిగింది. అయినా 11కు పైబడిన కంప్రెషన్ ఉన్న ఎల్ఎస్6 లాంటివి ఆనాటి సీసం కలిపిన ప్రీమియం పెట్రోలు కోసం పుట్టాయి. వాటికి 95 చాలదు, లోడు మీద నాక్ చేస్తాయి, అంటే ఇంధనం తనంతట తానే అంటుకుని ఇంజను టకటక కొడుతుంది. మెకానిక్ స్పార్కు టైమింగు వెనక్కి తిప్పుతాడు. నాక్ తగ్గుతుంది, మంట ఆలస్యంగా ముగిసి ఎగ్జాస్టు మండిపోతుంది, బండి వేడెక్కుతుంది. అప్పుడు రేడియేటరును తిడతారు. 1965, 66 మస్టాంగ్‌లలో వచ్చిన రెండు గొంతుల కార్బొరేటరు 289, కంప్రెషన్ 9.3 మాత్రమే, గ్రాస్ లెక్కన 200 హార్స్‌పవర్. కాగితం మీద అది చిన్నది. చెన్నై బంకుకు, చెన్నై ఎండకు సరిపడేది అదే. మౌంట్ రోడ్డు సిగ్నళ్లలో 454 ఇంజను యజమానికి దొరికేది చెమట.

మొదటి నష్టం మిశ్రమం పలచబడటం. శుద్ధ పెట్రోలుకు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 చాలు. కార్బొరేటరుకు ఆ సంగతి తెలియదు, పాత కొలతే పోస్తుంది. అంటే ఇంధనం సుమారు 8 శాతం తక్కువ పడుతుంది. గుర్తులు: చల్లగా ఉన్నప్పుడు తొట్రుపాటు, తొక్కగానే ఒక్క క్షణం ఊపిరాగినట్టు, ప్లగ్గుల కొస తెల్లగా. మెయిన్ జెట్లు రెండు మూడు సైజులు పెంచి, వేగంగా నడిపి ఇంజను ఆపేసి ప్లగ్గులు విప్పి చూడాలి. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే సరే.

రెండోది రబ్బరు. 60ల నాటి హోసులు, పంపు డయాఫ్రమ్ మెత్తబడి, ఉబ్బి, చివరికి వేడి మానిఫోల్డు మీద కారతాయి. పాత కార్లు తగలబడేది ఎక్కువగా ఇలాగే. ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా ప్రతి రబ్బరు ముక్కా ఇథనాల్‌ను తట్టుకునే 30ఆర్9 రకం హోసుతో, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ వైటాన్ రకంతో మార్చడం బండి ఇంటికొచ్చిన మొదటి వారంలో జరగాల్సిన పని. పాలిష్, పెయింటు ఆ తర్వాతే. ఫ్లోటు ఇత్తడిదైతే మంచిది. నల్లటి నురుగు రకం ఫ్లోటు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది, కార్బొరేటరు పొంగుతుంది.

మూడోది ఆవిరి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కార్బొరేటరులో పెట్రోలు మరగడం అంత కష్టమేమీ కాదు. బండి ఆపి పది నిమిషాల టీ తాగి వచ్చేసరికి స్టార్టు కాదు. ఆ పది నిమిషాల్లో ఇంజను వేడి పైకెక్కి ఫ్లోటు గిన్నెలో పెట్రోలును మరిగించి మానిఫోల్డులోకి పోసేస్తుంది. అప్పుడు యాక్సిలరేటరును పంపులా కొట్టకూడదు, ఇంకా పొంగుతుంది. పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. శాశ్వత మందు కార్బొరేటరు కింద అర అంగుళం ఫినాలిక్ స్పేసరు, దానితోపాటు మిగులు పెట్రోలు ట్యాంకుకు తిరిగిపోయే రిటర్న్ లైను. స్పేసరు వేశాక ఎయిర్ క్లీనరు బానెట్‌కు తగులుతుందేమో మైనపు ముద్ద పెట్టి మూసి చూడాలి. ఎలక్ట్రిక్ పంపు పెడితే ట్యాంకు దగ్గరే పెట్టాలి, ఒత్తిడి 6 పీఎస్‌ఐ దాటనివ్వకూడదు. దాటితే పెట్రోలు రాకను అడ్డుకునే నీడిల్ వాల్వు దాన్ని ఆపలేదు.

ఇక నీళ్లు. చెన్నై బోరు నీళ్లలో ఉప్పు, సున్నం. రేడియేటరులో అవి పోస్తే గొట్టాల్లో గార కడుతుంది. కూలెంటు సగం, డిస్టిల్డ్ వాటరు సగం, అంతే. వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసిపారేసే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఉంచి, ఫ్యాను చుట్టూ ఉండాల్సిన ష్రౌడ్ ఉందో లేదో చూడాలి. ఫ్యాను రెక్కల వెడల్పులో సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. సిగ్నల్ దగ్గర వేడెక్కి, రోడ్డు మీద చల్లబడితే లోపం గాలిది. సిగ్నల్ దగ్గర బాగుండి 80 మీద వేడెక్కితే లోపం నీటిది: గార, లేదా వేగంగా తిరిగేటప్పుడు పీల్చుకుపోయి నొక్కుకునే కింది హోసు. లోపల స్ప్రింగు ఉన్న హోసు వేస్తే అది పోతుంది.

ఆయిలు గురించి ఒక మాట, ఎందుకంటే కొత్తగా కట్టిన ఇంజన్లు ఇక్కడే చస్తాయి. ఈ వీ8ల క్యామ్‌షాఫ్టు మీద ట్యాపెట్లు దొర్లవు, రాసుకుంటాయి. వాటిని కాపాడేది ఆయిలులోని జింకు, ఫాస్ఫరస్. ఇప్పటి కార్ల పలచటి ఆయిళ్లలో క్యాటలిటిక్ కన్వర్టరు కోసం ఫాస్ఫరస్‌ను 800 పీపీఎం దగ్గర ఆపేశారు. పాతదానికి 1,000 నుంచి 1,200 కావాలి. ఖరీదైన సింథటిక్ పోసి మేలు చేశామనుకుంటారు, క్యామ్ లోబు గుండ్రంగా అరిగిపోతుంది. జింకు మోతాదు చూసి ఎంచుకున్న 20డబ్ల్యూ50 సరైనది. కొత్త క్యామ్ వేసిన ఇంజను మొదటిసారి అంటుకోగానే ఐడిల్‌లో వదలకూడదు. 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఇరవై, ముప్పై నిమిషాలు తిప్పాలి. ట్యాపెట్లకు నూనె చిమ్మేది క్రాంకు తిరుగుడే, ఐడిల్‌లో అది చాలదు.

బ్రేకుల్లో 1966 దాకా చాలా కార్లకు ఒకే సర్క్యూట్. ఒక్క చక్రం సిలిండరు కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. రెండు గదుల మాస్టర్ సిలిండరుకు మార్చడం పాత రూపాన్ని చెడగొట్టదు, ప్రాణాన్ని కాపాడుతుంది. టైరు మీద నాలుగంకెల తేదీ చూడాలి. ముందు రెండు వారం, వెనక రెండు సంవత్సరం. గాడులు నిండుగా ఉన్నా పదేళ్ల టైరు టైరు కాదు.

నంబర్లు కలిసిన కారు

అమ్మేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఇది, అంటే బాడీ, ఇంజను ఫ్యాక్టరీ నుంచి కలిసి వచ్చినవేనని. ఫోర్డ్‌లో సరిచూడటం తేలిక. 1965 మస్టాంగ్ గుర్తింపు సంఖ్యలో మొదటి అంకె సంవత్సరం, రెండోది ఫ్యాక్టరీ, తర్వాతి రెండూ బాడీ, ఐదోది ఇంజను. సీ అంటే రెండు గొంతుల 289, ఏ అంటే నాలుగు గొంతులది, కే అంటే హై పర్ఫార్మెన్స్. షెవర్లేలో 1971 దాకా ఆ సంఖ్యలో ఏ వీ8 అన్నది ఉండదు. ఆరు సిలిండర్లా, ఎనిమిదా అన్నంత వరకే. కాబట్టి ‘గుర్తింపు సంఖ్య ప్రకారం ఇది షెవెల్ ఎస్ఎస్ 454’ అని ఎవరైనా అంటే అది అబద్ధమో అజ్ఞానమో. అక్కడ బ్లాకు ముందు ప్యాడు మీది ముద్ర, కాస్టింగ్ తేదీ, దొరికితే ఫ్యాక్టరీ బిల్డ్ షీటు ఆధారం.

కొలత టేపు కూడా తీసుకెళ్లాలి. 1965 మస్టాంగ్ పొడవు 4.6 మీటర్లు, ఇప్పటి సెడాన్లంతే. 1968 డాడ్జ్ చార్జర్ 5.28 మీటర్లు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) అపార్టుమెంటు పార్కింగులో దాని ముక్కు దారికి అడ్డంగా ఉంటుంది.

కొత్తవాటి రోగాలు

కొత్త పర్ఫార్మెన్స్ కారు రోజూ స్టార్టవుతుంది, ఏసీ పనిచేస్తుంది, వానలో నిలబడుతుంది. దాని ఖర్చు ముందే పడుతుంది. తమిళనాడులో రూ.20 లక్షలు దాటిన కొత్త కారుకు జీవితకాల పన్నే 20 శాతం. ఎంపిక కూడా ఇరుకు. 2025లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ మొదటి విడతగా 150 మాత్రమే వచ్చాయి, ధర రూ.53 లక్షలు. స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 100. సంఖ్య తక్కువైనా భయం లేదు. ఆ 2 లీటర్ల టర్బో ఇంజను కుటుంబమే మామూలు ఆక్టావియా, సూపర్బ్‌లలో ఏళ్ల తరబడి ఇక్కడ తిరిగింది కాబట్టి దాని జబ్బులు మెకానిక్కులకు తెలుసు. ముఖ్యమైనది ప్లాస్టిక్ వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగు. వేడికి పగిలి కూలెంటు ఇంజను వెనక్కి సన్నగా కారుతుంది, నేల మీద చుక్క కూడా కనపడదు. రిజర్వాయరు మట్టం నెలకోసారి చూడటమే మందు.

గేరుబాక్సు విషయంలో చెన్నై ట్రాఫిక్ నిర్దయగా ఉంటుంది. నూనెలో మునిగే క్లచ్చుల డీఎస్‌జీకి (ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేరుబాక్సు) 60,000 కిలోమీటర్లకు ఆయిలు, ఫిల్టరు మారిస్తే బతుకుతుంది. పొడి క్లచ్చుల ఏడు గేర్ల పాతరకం మాత్రం బంపర్ టు బంపర్ ట్రాఫిక్‌లో వేడెక్కి వణుకుతుంది. అలాంటి సెకండ్ హ్యాండ్ కారును సాయంత్రం వడపళని సిగ్నల్ దగ్గర అరగంట నడిపి చూడాలి, ఖాళీ రోడ్డు మీద కాదు. ఎం340ఐలోని ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ ఆటోమేటిక్‌కు ‘ఆయిలు జీవితాంతం’ అన్న మాట నమ్మొద్దు. గేరుబాక్సు చేసిన కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఫిల్టరు, ప్లాస్టిక్ పాన్ ఒకే ముక్క, మొత్తం మార్చాలి. మట్టం చూసేది ఇంజను నడుస్తుండగా, ఆయిలు 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. చెన్నైలో మధ్యాహ్నం మొదలుపెడితే ఆయిలు ఆ వేడి హద్దు దాటిపోయి తక్కువ పోస్తారు. పొద్దున్నే చేయించాలి.

19 అంగుళాల చక్రాలు, 40, 35 ప్రొఫైల్ టైర్లు వాన తర్వాతి గుంతల్లో పక్కగోడ బుడగ కడతాయి. కొనేముందు చక్రాల లోపలి అంచు వేలితో తడమాలి. సొట్టలు, వెల్డు చేసిన పగుళ్లు ఉండేది అక్కడే. బ్రేక్ ఆయిలు తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తడిశాక 155కే మరగొచ్చు. ఇరుంగాట్టుకోట్టైలోని 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లకే పెడల్ మెత్తబడేది అందుకే. ట్రాక్ డేకు ముందు కొత్త ఆయిలు తప్పనిసరి. డ్రమ్ బ్రేకుల పాత కారుతో అక్కడ వేగం జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఈసీయూ (ఇంజను కంప్యూటరు) రీమ్యాప్ చేసిన కారుకు వారంటీ చిక్కు, బీమా చిక్కు, చట్టం చిక్కు మూడూ ఉంటాయి. మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ వేసినా జాడ మిగులుతుంది. కంపెనీ స్కానరు పెట్టించి చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కారైతే పెట్రోలు మూత వెనక స్టిక్కరు మీద 20 శాతం ఇథనాల్ గుర్తు ఉందో లేదో చూడాలి.

రెండింటి మధ్య దారి కావాలనుకునేవాళ్లకు 2016లో ఇక్కడికి వచ్చిన మస్టాంగ్ జీటీ ఉంది. కుడి స్టీరింగు, 5 లీటర్ల వీ8, 401 పీఎస్, ఆటోమేటిక్. శబ్దమూ ఉంది, ఏసీ కూడా ఉంది. నేలకూ బండికీ మధ్య 137 మిల్లీమీటర్లే కాబట్టి మైలాపూరు సందుల స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటించాలి. ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. బంపరు, దీపం లాంటివి పగిలితే ఎదురుచూపు తప్పదు.

ఒక్కటే పార్కింగు, ఒక్కటే కారు ఉన్నవాళ్లు కొత్తదాని వైపే వెళ్లాలి. మూడు నుంచి ఐదేళ్ల వయసు, పూర్తి సర్వీసు రికార్డు ఉన్న ఎం340ఐ అందులో ముందు వరసలో ఉంటుంది. మూసిన షెడ్డు, ఇంకో కారు, అంగుళాల స్పానర్లు పట్టడం తెలిసిన పాత మెకానిక్ ఉన్నవాళ్లకు రెండు గొంతుల 289 మస్టాంగ్. అంబాసిడర్ల కాలం మేస్త్రీలు పాయింట్ల సందు 17 థౌకు ఫీలరు గేజితో పెట్టగలరు. వాళ్లు పని మానేసేలోగా పక్కన నిలబడి నేర్చుకోవాలి.

చెన్నైలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఏ కారుకైనా వరద పరీక్ష మరవొద్దు. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు నీళ్లలో నానిన కార్లు పాలిష్ పట్టించుకుని బేరానికి వస్తూనే ఉన్నాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాలి. సాధారణంగా రీలులోనే ఉండిపోయే ఆ చివరి అడుగు గుడ్డ మీద మట్టి గీత ఉందేమో చూడాలి. స్పేర్ టైరు గుంత, సీటు కింది బోల్టుల తుప్పు, కార్పెట్టు కింది నురుగు పొర ఒత్తి చూడాలి. కొత్త కార్లలో కంట్రోల్ మాడ్యూళ్లు, వైరింగు జంక్షన్లు చాలావరకు సీట్ల కింద, కార్పెట్ల కిందే ఉంటాయి. ఒకసారి తడిస్తే ఏడాది తర్వాత పచ్చటి తుప్పుతో ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తాయి. పాత వీ8 తడిసి ఉంటే డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్గు విప్పి వేలు పెట్టాలి. వేలికి పాలరంగు నూనె అంటితే లోపలికి నీళ్లు చేరినట్టు. పాతదానికి నూనెలు, బేరింగులు, బ్రేకు సిలిండర్లు మారిస్తే తిరిగి లేస్తుంది. కొత్తదానికి ఆ గీత కనిపిస్తే బేరం అక్కడే వదిలేసి వచ్చేయాలి.